మొరపెట్టుకోని జంట

జవాబు పత్రాలు దిద్దే రోజుల్లో తలనొప్పికి మాత్రలు మింగడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. మొన్న రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉందన్నారు. “నొప్పేమీ లేదే!” అన్నాను. డాక్టరుగారు నవ్వి, “మూత్రపిండాలు మొరపెట్టుకోవండీ! ముందా నొప్పిమాత్రలు మానండి” అన్నారు.

పిడికిలంతేసి ఉండే ఈ జంట రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగడుతుంది. పనికొచ్చేదంతా తిరిగి రక్తానికే అప్పగించి, యూరియా వంటి మలినాలతో లీటరున్నర మాత్రం బయటికి పంపుతుంది. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల జల్లెడలు. పాడైన జల్లెడ మళ్ళీ పుట్టదు. మిగిలినవే దాని చాకిరీ కూడా చేస్తాయి. అందుకే నష్టం చాలాకాలం మనకు తెలియదు.

ఆ సాయంత్రమే మాత్రల డబ్బా మా ఆవిడకు అప్పగించాను. ఉన్న జల్లెడలనైనా కాపాడుకోవాలి కదా!