ఎనిమిది వేల మాటలు దాటితే

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో జావా ల్యాబ్ చూస్తాను. మూడో సంవత్సరం అమ్మాయి ఒకామె పైథాన్‌లో తెలుగు పదాల ఆట రాసింది. తెరమీద అక్షరాలు కలగాపులగంగా వస్తాయి, వాటితో మాట కట్టాలి. నలభై వేల మాటలు పోగేసి, ఆ జాబితానంతా ప్రోగ్రాంలోనే పెట్టుకుంది. పైథాన్ కిమ్మనలేదు. జట్టులో మిగతావాళ్లు జావాలో పనిచేస్తున్నారని దాన్ని అటు మార్చబోతే కంపైలర్ అడ్డం తిరిగింది: ‘కోడ్ టూ లార్జ్’.

“ర్యామ్ చాలట్లేదా మేడమ్?” అని అడిగింది. అందరికీ మొదట వచ్చే అనుమానం అదే. కానీ ర్యామ్ ఎంత పెంచినా ఈ ఎర్రర్ పోదు.

మనం రాసిన ప్రోగ్రాంను కంపైలర్ బైట్‌కోడ్‌గా మారుస్తుంది. జావాలో ఒక్కో మెథడ్‌కు, అంటే ఒక పనికి సంబంధించిన ఆదేశాల కట్టకు, 65,535 బైట్‌లే గరిష్ఠం. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను విడుదల చేసిన కాలం నాటి నియమమిది, నేటికీ మారలేదు. కోడ్ పొడవు రాసుకోవడానికి 4 బైట్‌ల చోటు ఉంది. అయితే ఏ వరుస ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టికల్లో స్థానానికి 2 బైట్‌లే ఇచ్చారు. రెండు బైట్‌లలో పట్టే అతి పెద్ద అంకె 65,535.

“నేను మెథడే రాయలేదు కదా, ఉత్త జాబితానేగా!” అంది. అసలు కిటుకు అక్కడే ఉంది. జావాతోపాటే వచ్చే జావాప్ అనే పనిముట్టుతో చిన్న జాబితా ఒకటి విప్పి చూపించాను. జాబితాను నింపడానికి కంపైలర్ తెరవెనక తానే ఒక మెథడ్ రాసుకుంటుంది. బస్తా బియ్యం దింపమంటే పోయేదానికి, ఒక్కో గింజనూ ఎత్తి ఫలానా చోట పెట్టమని రాసినట్టు ఉంటుందది. జాబితాను పట్టుకో, స్థానం అంకె చెప్పు, మాట తీసుకో, అక్కడ పెట్టు: ఒక్క మాటకు నాలుగు ఆదేశాలు, మొత్తం 8 బైట్‌లు. ఆ లెక్కన ఎనిమిది వేల పైచిలుకు మాటలకే మెథడ్ నిండిపోతుంది.

ఆ అమ్మాయి చురుకైనది. జాబితాను ముక్కలు చేసి వేర్వేరు మెథడ్‌లలో పెట్టింది. ఈసారి ‘టూ మెనీ కాన్‌స్టెంట్స్’ అని వచ్చింది. జావాలో మెథడ్‌లను కలిపి ఉంచేది క్లాసు. ఒక్కో క్లాసుకొక స్థిరాంకాల పట్టిక ఉంటుంది, దానికీ అదే హద్దు. ఒక్కో మాట అందులో రెండు గళ్లు ఆక్రమిస్తుంది కాబట్టి ముప్పై రెండు వేలు దాటాక చోటుండదు.

పోనీ అని మాటలన్నీ కామాలతో కలిపి ఒకే పొడవాటి స్ట్రింగ్ చేసింది. ‘కాన్‌స్టెంట్ స్ట్రింగ్ టూ లాంగ్’ అని వచ్చింది. ఒక్కో స్ట్రింగ్‌కూ బైట్‌లలో అదే హద్దు. ఇక్కడ తెలుగుకు దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు, మన అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి కావాలి. ‘తెలుగు’ అన్న మాటలో త, ల, గ, వాటి మూడు గుర్తులు కలిపి 18 బైట్‌లు. ఆరేసి గుర్తుల మాటలైతే ఒక స్ట్రింగ్‌లో మూడున్నర వేలు కూడా పట్టవు. ఇంగ్లిష్ జాబితాతో సాఫీగా నడిచిన ప్రోగ్రాం తెలుగుతో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. పిల్లలు తమదే తప్పనుకుని తెలుగు వదిలేస్తుంటే బాధేస్తుంది.

మాటలు ఉండాల్సింది ప్రోగ్రాంలో కాదు, దాని పక్కన విడి ఫైల్‌లో. వరుసకొక మాట రాసి, ఆట మొదలవగానే చదివించాలి. అప్పుడు నలభై వేలైనా, నాలుగు లక్షలైనా కంపైలర్‌కు సంబంధం లేదు. కొత్త మాట చేర్చినా మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు. ఫైల్ చదివేచోట, అక్షరాలను బైట్‌లుగా రాసిన పద్ధతి యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పాలి. 2022లో వచ్చిన జావా 18 నుంచే అది మామూలు అమరిక అయింది. పాత జావాతో విండోస్‌లో చెప్పకుండా చదివిస్తే తెలుగంతా పిచ్చిగీతలవుతుంది.

అలాగే చేసింది, ఆట నడిచింది. కానీ జాబితాలో మొదటిదైన ‘అంగడి’ని మాత్రం తప్పంటోంది. ఫైల్ సేవ్ చేసినప్పుడు దాని మొదట్లో కంటికి కనబడని బీవోఎం గుర్తు చేరింది, జావా దాన్ని తనంతట తాను తీసేయదు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ‘విత్ బీవోఎం’ అని ఉన్నది కాకుండా ఉత్త ‘యూటీఎఫ్-8’ ఎంచుకుంటే సరిపోతుంది.