బాలింతల వ్యాయామం, ఫ్రాంచైజీ బేరం: సంతకానికి ముందు వేసుకోవాల్సిన లెక్క

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. పంజాగుట్ట వైపు వెళ్తే నిమ్స్ ఆస్పత్రి, షోరూములు. వీటిలో ఊడ్చే, తుడిచే, వండే, అమ్మే పనుల్లో ఉన్న ఆడవాళ్లలో చాలామంది దళిత, బహుజన స్త్రీలే. ఈ రోడ్ల మీద జిమ్‌లకు కొదవ లేదు. కానీ కాన్పయిన రెండు మూడు నెలలకే పనికి వచ్చే తల్లికి అవి అందవు. ఫీజు ఎక్కువ, వేళలు కుదరవు, చంటిబిడ్డను ఎత్తుకునే మనిషి ఉండదు. అందుకే 'తక్కువ పెట్టుబడి, వీలైన వేళలు, బాలింతల కోసమే' అనే ఫ్రాంచైజీ మాట, సొంత కాళ్ల మీద నిలబడాలనుకునే మన యువతులకు ఆశగా వినిపిస్తుంది. ఆ ఆశ వెనక ఉన్న లెక్క చూద్దాం.

అవసరం నిజమే

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం. 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. కోత పడిన పొట్ట, బలహీనపడిన కటి కండరాలు, నడుము నొప్పి... వీటితోనే బకెట్లు మోయాలి, మెట్లు ఎక్కాలి. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినప్పుడు బాలింతలనూ అందులో చేర్చింది. అయితే సిజేరియన్ అయినవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ముందు శ్వాస, కటి కండరాల వ్యాయామం, నడక. గెంతడం, బరువులెత్తడం ఆ తర్వాతే.

ఈ విద్య మనకు కొత్త కాదు. ఊళ్లలో కాన్పు చేసి, బాలింతకు ఒళ్లు పట్టి, పొట్టకు గుడ్డ కట్టిన మంత్రసానుల్లో చాలామంది దళిత, చాకలి, మంగలి స్త్రీలే. ఆ చేతుల్ని మైల అన్నారు. ఇవాళ బాలింత సంరక్షణ బ్రాండుగా అమ్ముడవుతోంది.

బాలింతకు విశ్రాంతి హక్కు అని అంబేడ్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థించారు. 1961 చట్టానికి 2017లో చేసిన సవరణ మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల వేతన సెలవు ఇచ్చింది. ఇళ్లలో పాచిపని చేసే తల్లికి మాత్రం ఆ సెలవు లేదు.

ఫ్రాంచైజీ ఎలా నడుస్తుంది?

అమెరికాలోని శాన్ డియాగోలో 2001లో మొదలైన 'స్ట్రోలర్ స్ట్రైడ్స్' ఈ నమూనాకు పేరున్న ఉదాహరణ. పిల్లల్ని తోపుడు బండిలో కూర్చోబెట్టి తల్లులు పార్కులో కలిసి వ్యాయామం చేస్తారు. అద్దె లేదు, యంత్రాలు లేవు. ఖర్చు తక్కువ కావడానికి కారణం అదే. అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద తోపుడు బండి నడవదు. ఇక్కడ హాలు కావాలి, పిల్లల్ని చూసే ఆయా కావాలి.

ఫ్రాంచైజీలో మనం కొనేది పేరు, శిక్షణ, పాఠ్యక్రమం. వాటికి మొదట ఒక ఫీజు, తర్వాత నెలనెలా రాయల్టీ. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. 30 మంది తల్లులు, తలా నెలకు 500 రూపాయలు, మొత్తం 15,000. హాలుకు 3,000, పూటకు రెండు గంటలుండే ఆయాకు 4,000, చిల్లర ఖర్చులు 1,000. నిర్వాహకురాలే శిక్షణ ఇస్తే ఆమెకు మిగిలేది 7,000. రాయల్టీ నెలకు కనీసం 5,000 అని ఒప్పందంలో ఉందనుకోండి. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 5,900. ఇక మిగిలేది 1,100. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు ఉండి జీఎస్టీ నమోదు లేనివారికి ఆ పన్ను వెనక్కి రాదు. వానాకాలంలో 20 మందే వస్తే ఆ నెల 3,900 నష్టం. తల్లులు మానేసినా కనీస రాయల్టీ ఆగదు.

ఒప్పందంలో ఏం చూడాలి?

మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. ప్రధానంగా 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. కాబట్టి రాయల్టీ వసూళ్లలో శాతమా, కనీస మొత్తమా? మధ్యలో మానేస్తే మొదటి ఫీజులో ఎంత తిరిగి వస్తుంది? పక్క వీధిలోనే ఇంకొకరికి శాఖ ఇస్తారా? ఫీజు తగ్గించే అధికారం మనకుందా? ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. ఒప్పందం ముగిశాక ఇదే పని చేయకూడదన్న షరతు ఉంటే భయపడనక్కర్లేదు. అదే చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం అలాంటి షరతు సాధారణంగా చెల్లదు. ఒప్పందం నడుస్తున్నంత కాలం మాత్రం అది వర్తించవచ్చు.

వేరే దారి

రుణాల తీరూ గమనించాలి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 2016లో తెచ్చిన స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి మొదలయ్యేది. ఇంత చిన్న పనికి అంత అప్పు అక్కర్లేదు. ముద్రలో 'శిశు' రుణం 50,000 వరకు, పూచీకత్తు లేకుండా. చాపలకు, హాలు అడ్వాన్సుకు, శిక్షణకు అది ఆసరా. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్న ఒక యువతి, బస్తీలో పేరున్న ఒక పెద్దమ్మ, ఒక ఆయా కలిస్తే పని మొదలవుతుంది. మన బస్తీల్లో తల్లిని తలుపు దాటించేది పరిచయమే. అది ఏ ఫ్రాంచైజీ కిట్‌లోనూ రాదు.

పైలెక్కలో ఖర్చంతా హాలు, ఆయాల దగ్గరే ఉంది. కాబట్టి విద్యార్థి, బస్తీ సంఘాలు జీహెచ్‌ఎంసీని అడగాల్సింది కూడా అదే: కమ్యూనిటీ హాళ్లను రోజుకు రెండు గంటలు తల్లులకు ఉచితంగా తెరవాలి, అక్కడ ఒక ఆయాకు జీతం ఇవ్వాలి. అప్పుడు 500 రూపాయల ఫీజును 250కి తగ్గించినా, నేర్పే ఆడబిడ్డకు నెలకు 6,500 మిగులుతుంది.