ఘాటు ఎక్కుడు కష్టమా? డ్యూటీకి తొక్కుడు కష్టమా?

మొన్న చలికాలంల ఒక ఆదివారం తెల్లాపూర్ నుంచి అనంతగిరి గుట్టల దాక సైకిల్ మీద పోయొచ్చిన. పోను రాను దాదాపు 150 కిలోమీటర్లు. మా దగ్గర పెద్ద అపార్టుమెంట్లల్ల ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు నలుగురు దోస్తులైన్రు. “అన్నా, ఎప్పుడూ ధర్నాలేనా, ఒక్కసారి మాతోని రా” అని పట్టుపట్టిన్రు. గేర్ల సైకిల్ కూడ వాళ్ళే ఇచ్చిన్రు. నలభై దాటిన పానం, మోకాళ్ళు ఏమంటయో అని భయమైంది. అయినా పోయిన.

సైకిల్ నాకు కొత్త గాదు. ఇరవై ఏండ్ల వయసుల తెల్లాపూర్ల కిరాయి అర్రల ఉండి పటాన్‌చెరుల ఒక కంపినీకి షిఫ్టులకు పోయేటోన్ని. పోను తొమ్మిది, రాను తొమ్మిది కిలోమీటర్లు. గప్పుడు దాన్ని ఎవ్వరు కసరత్తు అనలె. బస్సు పైసలు మిగిలించుకునుడు అన్నరు. గందుకే ఈ రెండు తొక్కుళ్ళను పక్కపక్కన పెట్టి జూడాలనిపించింది.

పొద్దుగాల అయిదు గొట్టంగ బయలెల్లినం. కొల్లూరు, వెలిమెల, శంకర్‌పల్లి, చేవెళ్ల. అక్కడి నుంచి మన్నెగూడ దిక్కు పోతుంటె రోడ్డుకు రెండు పక్కల పెద్ద పెద్ద మర్రిచెట్లు. ఈ చెట్లను కొట్టొద్దని జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాక పోయిన సంగతి మీకు ఎరికే. కార్ల పోయేటోనికి అవి అడ్డం అనిపిస్తయేమో. సైకిల్ తొక్కేటోనికి మాత్రం ఆ నీడ విలువ మొదటి చెట్టు కిందికి రాంగనే తెలుస్తది.

వికారాబాద్ దాటినంక అడివి మొదలైతది. అనంతగిరి మూసీ పుట్టిన జాగ. గాలి మంచిగుంటదని క్షయ రోగులకు దవాఖాన కట్టిన గుట్ట. మేము గుట్ట మీదికెళ్ళి అవతల కెరెల్లి దిక్కు ఘాటు దిగి, మళ్ళ అదే ఘాటు ఎక్కినం. హిమాలయాలల్ల కనుమలు దాటేటోళ్ళకు ఇది చిన్నపిల్లల ఆట. కని ఎక్కుడు ఎంత చిన్నదైనా లెక్క అన్నింటికి ఒక్కటే. ఆ లెక్క చెప్త.

మొదటిది గేరు. మనం దినాం చూసే పాత సైకిల్‌కు ముందు 44 పండ్లు, ఎనక 18 పండ్లు ఉన్నయనుకోండి. పెడలు ఒక్క చుట్టు తిప్పితె బండి అయిదు మీటర్ల పైన ముందుకు పోతది. సాపు రోడ్డు మీద అది లాభమే. ఎక్కుడు మీద ఒక్క చుట్టుల అంత దూరం, అంత ఎత్తు లాగాలంటె తొడలు పీక్కపోతయి. గేర్ల సైకిల్‌కు ముందు 34, ఎనక 32 పండ్ల మీద చైను ఏస్తె ఒక్క చుట్టుకు రెండు మీటర్ల చిల్లరే పోతది. బరువు అంతే, గుట్ట అంతే. ఒక్కపారి మోసే మూటను రెండు మూడు పార్లు జేసి మోసినట్టు. తాకత్ పెరగలె, పని పంచుకున్నం. “అన్నా, గట్టిగ తొక్కకు, జల్ది జల్ది తిప్పు” అని ఆ పిల్లడు అరిచింది గిందుకే.

రెండోది తిండి. నా బరువు, సైకిల్, నీళ్ళు కలిపితె 85 కిలోలు. ఆ బరువును 100 మీటర్ల ఎత్తుకు తీస్కపోతె ఒంట్లకెళ్ళి ఖర్చయ్యేది 80 కేలరీలు. అంటె రెండు చిన్న ఇడ్లీలు. గంతేనా అనిపించిందా? నాకూ అనిపించింది. అసలు ఖర్చు ఎత్తుల లేదు, దూరంల ఉన్నది. గాలిని చీల్చుకుంట, టైరు రోడ్డుకు రాసుకుంట కిలోమీటరుకు 20 నుంచి 25 కేలరీలు పోతయి. 150 కిలోమీటర్లకు 3 వేలు దాటుతది. కుర్సీల కూసొని పని చేసేటోనికి ఒక దినమంత కావలసిన తిండి కన్న ఎక్కువ. గందుకే ఆకలి కాకముందే తినాలె, దూప కాకముందే తాగాలె.

మూడోది దిగుడు. ఎక్కుతుంటె కష్టం, దిగుతుంటె ప్రమాదం. బ్రేకు పట్టుకునే దిగితె రిమ్ము కాగుతది, పట్టు తగ్గుతది. మలుపు రాకముందే రెండు బ్రేకులు కలిపి ఏగం తగ్గించుకోవాలె, మలుపుల మాత్రం బండిని తేలిగ్గ పోనియ్యాలె.

ఘాటు మీద దమ్ము తీసుకునేతందుకు ఆగినప్పుడు ఆ పిల్లలు టూర్ డి ఫ్రాన్స్ ముచ్చట్లు చెప్పిన్రు. 1903ల మొదలైన పందెం. 1910ల పిరనీస్ పర్వతాలల్ల టూర్మలే అనే కనుమ మీదికెళ్ళి మొదటిసారి తొక్కిచ్చిన్రు. చైను మార్చే గేర్లను అందరికీ ఒప్పుకున్నది 1937ల. అప్పటిదాక ఎక్కుడు రాంగనే దిగి, ఎనక చక్రం ఊడదీసి, తిరగేసి బిగించుకునేటోళ్ళు. చక్రానికి రెండు దిక్కుల రెండు రకాల పండ్లు ఉండేటియి.

1913ల క్రిస్టోఫ్ అనే ఆయన సైకిల్ ముందు ఫోర్కు ఆ కనుమ దిగంగ ఇరిగింది. సైకిల్ భుజాన ఏసుకొని మైళ్ళకు మైళ్ళు నడిచి ఒక ఊరి కమ్మరి కొలిమి కాడికి చేరిండు. బయటోళ్ళ సాయం తీసుకోవద్దని రూలు. తనే ఇనుము కాల్చి, సాగగొట్టి అతుకుకున్నడు. కొలిమి తిత్తి ఊదింది ఒక చిన్న పిలగాడు. అధికారులు అది కూడ సాయమే అని ఆయనకు టైము జుర్మానా ఏసిన్రు. ఆ ముచ్చట ఇని నలుగురూ నవ్విన్రు. నాకు మాత్రం మా సూపర్‌వైజర్ యాదికొచ్చిండు. తొవ్వల పంక్చరై నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చిన దినం కూడ గేటు కాడ ఆఫ్ డే కోసిండు. కష్టం ఎవ్వనిదైనా లెక్క రాసేటోడు గడియారమే చూస్తడు.

మాపటికి తిరిగొచ్చేసరికి చీకటి పడ్డది. కొల్లూరు దాటినంక షిఫ్టు ఇడిసిన కార్మికులు ఎదురైతున్నరు. మాకు తలకు టోపీలు, ఎనక ఎర్ర లైట్లు, మెరిసే జాకెట్లు. వాళ్ళకు ఏం లెవ్వు. ఒకాయన, యాభై పైబడ్డడు, టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తలిగేసుకొని పోతున్నడు. పక్కన తొక్కుకుంట మాట కలిపిన.

“యాడికి పోయొస్తున్నరు సారూ?”

“అనంతగిరికి అన్నా.”

“పని మీదనా?”

“కాదే, ఉత్తగనే.”

ఆయన నవ్విండు. “ఉత్తగ గంత దూరమా! మాకు కంపినీ దాక పోవుడే గండం. ఎనక టిప్పర్ హారన్ కొడ్తె మట్టిలకు దిగుడే.”

ఆయనకు పోను రాను 18 కిలోమీటర్లే. నెలకు 26 డ్యూటీలంటె 468. అంటె నెలకు మూడు అనంతగిరులు. అది కూడ గేరు లేని సైకిల్ మీద, చీకట్ల, ఎనిమిది గంటలు నిలవడి పని చేసినంక. నాకు మరునాడు రెస్టు. ఆయనకు మరునాడు డ్యూటీ.

ఇగ అసలు ముచ్చట. మా కొల్లూరు కాడనే అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల నీడల సైకిల్ ట్రాకు ఉన్నది. 2023 అక్టోబర్ 1న తెరిచిన్రు. మొత్తం 23 కిలోమీటర్లు, పైన పలకలు 16 మెగావాట్ల కరెంటు తీసేటియి. నేను దాన్ని తప్పు పట్టుత లేను. నేనూ దాని మీద తొక్కిన, మంచిగుంది. కని అది నార్సింగి దిక్కు పోతది, ఫ్యాక్టరీల దిక్కు గాదు. సరదాకు తొక్కేటోనికి కప్పు దొరికింది. కడుపుకు తొక్కేటోనికి రోడ్డు అంచున తెల్ల గీత గూడ దొరకలె.

సైకిల్ తొక్కేటోళ్ళు ఇంకెవ్వలున్నరని కొందరంటరు. జనం పనికి ఎట్ల పోతున్నరని మన దేశం మొదటిసారి లెక్క తీసింది 2011 జనగణనల. వ్యవసాయం కాని పనులకు పోయేటోళ్ళల్ల నూటికి 13 మంది సైకిల్ మీదనే పోతున్నరని తేలింది. ఏటేటా నాలుగు వేల మందికి పైన సైకిల్ తొక్కేటోళ్ళు రోడ్ల మీద పానాలు ఇడుస్తున్నరని కేంద్ర సర్కారు లెక్కలే చెప్తయి. నా పక్క మిషన్ మీద చేసిన ఒక అన్న గూడ నైట్ షిఫ్టుకు పోతుంటె లారీ కింద పడి కాలు పోగొట్టుకున్నడు. “కంపినీ లోపల జరగలె గద” అన్నరు. ఆ మాటకు అప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడున్నది.

ఈఎస్ఐ చట్టంల 2010ల 51-ఇ అనే సెక్షన్ చేర్చిన్రు. ఇంటికెళ్ళి పనికి, పనికెళ్ళి ఇంటికి పోయే తొవ్వల జరిగిన ప్రమాదం గూడ, టైముకు, జాగకు, పనికి సంబంధం ఉన్నదని తేలితె, పనిల జరిగినట్టే లెక్క. ఈఎస్ఐల లేనోళ్ళకు గూడ చట్టంల నష్టపరిహారం ఉన్నది. మహారాష్ట్రల ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003ల రాత్రి డ్యూటీకి బండి మీద పోతుంటె, ఫ్యాక్టరీకి అయిదు కిలోమీటర్ల దూరంల ప్రమాదమై సచ్చిపోయిండు. 2025 జూలై 29న సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి పరిహారం రావాల్నని తీర్పు చెప్పింది. గందుకే ఏమన్న జరిగితె డ్యూటీ టైము, హాజరు పట్టీ, పోయే తొవ్వ, పోలీసు ఎఫ్ఐఆర్ – ఈ నాలుగింటి కాగితాలు జాగ్రత్త చేసుకోండ్రి. “బయట జరిగింది” అనంగనే ఇంటికి మర్లకండ్రి.

సర్కారును అడిగేది గూడ కొండంత లేదు. ఫ్యాక్టరీలకు పోయే రోడ్ల అంచున సైకిల్‌కు ఒక గజం జాగ, మలుపుల కాడ లైట్లు, షిఫ్టులు మారే గంటల టిప్పర్లకు ఏగం కట్టడి. యాజమాన్యాలను అడిగేది ఇంకా చిన్నది: సైకిళ్ళకు షెడ్డు, ప్రతి సైకిల్‌కు ఎనక ఒక ఎర్ర లైటు.

ఘాటు మీద నేర్సుకున్నది ఒక్కటే. బరువు తగ్గదు, గుట్ట కుంగదు, కని గేరు ఉంటె ముసలి మోకాళ్ళు గూడ పైకి ఎక్కుతయి. కార్మికునికి ఆ గేరు రోడ్డు అంచున ఒక గజం జాగ. ఆ దినం డబ్బా తలిగేసుకొని పోయిన అన్న పక్కదారి తిరిగేదాక మా నలుగురు పిల్లలు ఆయన ఎనకాలనే, లైట్లు ఏసుకొని, మెల్లగ తొక్కిన్రు. ఎవ్వరు చెప్పలె, వాళ్ళకే తోచింది. అయితే ప్రతి రాత్రి ఆయన ఎనక లైటు వట్టుకొని పోయేతందుకు ఎవ్వరుంటరు? అది రోడ్డు చెయ్యాల్సిన పని.