ఒక కాయకు పెక్కు పేర్లు

వేసవి వచ్చినదనగానే మా ప్రశ్నోత్తరముల శీర్షికకు ఊరగాయలను గూర్చిన జాబులు వెల్లువగా వచ్చును. వానిలో పెక్కింటికి వెనుకటి సంచికలలోనే సమాధానము లున్నవి. అందుకు సోదరీమణులను తప్పుపట్టుట న్యాయము కాదు. వెదకినను దొరకని సమాధానము లేనట్లే గదా!

ఏలూరు జిల్లా నూజివీడు వైపు సోదరి "కలెక్టరు కాయ ముక్క మెత్తబడకుండుటెట్లు?" అని యడుగును. చిత్తూరు సోదరి తోతాపురిని గూర్చియు, మరియొకరు బెంగుళూరా కాయను గూర్చియు అదే యడుగుదురు. జాబులు మూడు, కాయ యొక్కటే. ముగ్గురకు మూడు నెలలలో తలకొక ముక్కగా సమాధానమిచ్చినచో ఎవరికిని పూర్తి సంగతి తెలియదు. ఈలోపల కాయల కాలము దాటిపోవును. బంగినపల్లికి బేనిషా, సఫేదా యనియు, సువర్ణరేఖకు సుందరి యనియు పేర్లు గలవు. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు లభించినను ఇంటింటి వాడుక మారలేదు. మారవలసిన పనియు లేదు.

ఈ పేర్ల చిక్కు పండితులను సైతము వేధించినదే. నాయక్, గంగొల్లి యను నిరువురు 1950లో దక్షిణదేశపు మామిడి రకముల వర్గీకరణమును, నామములను గూర్చి యొక గ్రంథమునే ప్రకటించిరి.

మనకు అంత గ్రంథ మక్కరలేదు. ఊరగాయల కొలతలు వ్రాసికొను పుస్తకములో ఒక కాయకు ఒకే పుట నుంచి, తక్కిన పేర్లున్న చోట "కలెక్టరు: తోతాపురి చూడుడు" అని వ్రాసిన చాలును. రెండవ పేరును కొట్టివేయరాదు. ఆ పేరుతోనే వెదకుకొను కోడలు రేపు రావచ్చును. క్రొత్తగా తెలిసినది ఆ మొదటి పుటలోనే చేర్చవలెను.

అయితే పోలిక చూచి తొందరపడి కలుపుటయు ప్రమాదమే. చిన్నరసము, పెద్దరసము వేరువేరు రకములు. "ఆవకాయకు బూజు పట్టినది" అని ఇద్దరు వ్రాసినంత మాత్రమున ప్రశ్న యొక్కటి కాదు. ఒకరింట ముక్క తడియారలేదు. వేరొకరింట నూనె పైకి తేలలేదు. వీరిద్దరికి ఒకే మాట చెప్పినచో ఒక జాడీ పాడగుట నిశ్చయము.

కావున జాబు వ్రాయు సోదరీమణులు కాయ పేరుతో పాటు మీ యూరి వాడుక పేరును, ఉప్పు, నూనెల కొలతలను, ఏ నెలలో పెట్టినదియు తెలుపుడు. టెంకనుండి మొలచిన నాటుచెట్టు సాధారణముగా తల్లిచెట్టును పోలదు. దాని కాయకు మీ యింటి వారిడిన పేరు మాకు తెలియదు. పులుపెంత, పీచెంత, టెంక యెంత అని వ్రాయుడు.