కథానికలో చెర

నిర్బంధము కథావస్తువైనప్పుడు గోడలను వర్ణించుట సులభము. ఆ గోడలు మనసుపై చేయు పనిని చూపుట కష్టము. ఈ భేదమును ఇచ్చట రెండు ఉదాహరణములతో పరిశీలింతుము.

మంజీరా తీరమందలి బీర్కూరు 2016 వరకు నిజామాబాదు జిల్లాలోనిది. ఆ జిల్లా కేంద్రమందలి జైలులో 1948లో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి నిజాము ప్రభుత్వపు ఖైదీలుగా నుండిరి. దాశరథి అచ్చటి గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిన సంగతి సుప్రసిద్ధము. ఆళ్వారుస్వామి తన చెరసాల అనుభవమును కథలుగా మలచి 'జైలు లోపల' అను సంపుటము వెలయించెను. అందు ఆయన దృష్టి తనపై గాక తోడి ఖైదీలపై, ముఖ్యముగా సామాన్య నేరస్థులపై నిలిచినది. నేరము వెనుక లేమియు, సంఘపు నిరాదరణయు కానవచ్చును. చెర జైలు ద్వారముకడ మొదలు కాలేదనియు, వెలుపలనే మొదలైనదనియు మనము గ్రహింతుము.

గురజాడ 1910లో ప్రకటించిన 'దిద్దుబాటు'లో జైలు లేదు, సంకెల లేదు. అయినను రాత్రులు భర్త రాకకై కనిపెట్టుకొని యుండుటయే కమలినికి చెర. ఆమె ఇల్లు విడిచినదని తలచిన పిమ్మటగాని భర్తకు తన తప్పు తెలియలేదు.

కావున ఇట్టి కథను తూచునపుడు తాళమెవరు వేసిరని యడిగిన చాలదు. తాళము తీసిన పిదప ఆ మనిషి ఎచ్చటికి పోగలడని కూడ నడుగవలెనని మా అభిప్రాయము.