కోరంగివాళ్ల స్వాతంత్య్ర పండుగ

అన్నవరం నుంచి కాకినాడ వెళ్లి, అక్కణ్నుంచి యానాం రోడ్డు పడితే దారిలో కోరంగి వస్తుంది. ఇప్పుడంటే మడ అడవులు చూడ్డానికి వెళుతున్నారు కానీ, ఒకప్పుడది పేరున్న ఓడరేవు. అక్కడ ఓడెక్కిన తెలుగువాళ్ల వారసులు ఏటా మార్చి 12న మరో దేశపు జెండాకు వందనం చేస్తారు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ... నాలుగు పట్టీల ఆ జెండా మారిషస్‌ది. ఆఫ్రికాకు తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న ఈ చిన్న ద్వీపదేశం 1968లో సరిగ్గా అదే రోజున బ్రిటిష్‌ పాలన నుంచి బయటపడింది.

సుమారు పన్నెండున్నర లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో తెలుగు మూలాలున్నవారు నూటికి ఇద్దరో ముగ్గురో. అయినా ఆ స్వాతంత్య్రంలో మన అక్షరాలకీ ఓ వాటా ఉంది.

ఆనకట్టకు ముందు...

డచ్చివారు, ఫ్రెంచివారు ఏలిన మారిషస్‌ 1810లో బ్రిటిష్‌వారి చేతికి వచ్చింది. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. మరి చెరకు తోటల్లో పనెవరు చేస్తారు? తోటల యజమానుల కళ్లు మన దేశం మీద పడ్డాయి. అయిదేళ్ల ఒప్పందం, మగవాళ్లకు నెలకు అయిదు రూపాయల జీతం, తిండిగింజలు... అదీ ఆశ. అలా మనదేశం నుంచి వెళ్లినవాళ్లు నాలుగున్నర లక్షల మంది దాకా ఉంటారు.

అప్పటి గోదావరి సీమ ఇప్పటిలా పచ్చగా లేదు. ధవళేశ్వరం దగ్గర కాటన్‌ దొర ఆనకట్ట పని మొదలైందే 1847లో. అంతకుముందు నది ఉన్నా నీళ్లు చేలకందేవి కావు. 1830ల్లో కరవులు, 1839లో కోరంగిని ముంచేసిన ఉప్పెన. బతుకుదెరువు వెతుక్కుంటూ జనం ఓడలెక్కారు. తెలుగువాళ్లకు మారిషస్‌లో ‘కోరంగివాళ్లు’ అన్న పేరు పడింది ఆ రేవు వల్లే.

అన్నవరంలో రత్నగిరి మీద సత్యదేవుడి ఆలయం వెలసింది 1891లో. అప్పటికే మారిషస్‌ తెలుగువాళ్లలో ఎక్కువమంది సముద్రం దాటేశారు. వాళ్లు వెంట తీసుకెళ్లిన దైవం సింహాద్రి అప్పన్న. అప్పన్న పూజ, రామభజన, అమ్మవారి పండుగ అక్కడి తెలుగు ఇళ్లలో ఈనాటికీ ఉన్నాయి.

రాజధాని పోర్ట్‌ లూయిస్‌ రేవులో కూలీలు దిగిన చోటును ‘ఆప్రవాసీ ఘాట్‌’ అంటారు. అక్కడి పదహారు మెట్లు ఎక్కితేనే కొత్త బతుకులోకి అడుగుపెట్టినట్టు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

చదవొస్తే ఓటు

చాలాకాలం అక్కడ ఆస్తిపరులకే ఓటు. 1947లో వచ్చిన కొత్త రాజ్యాంగం ఆ పద్ధతి మార్చింది. ద్వీపంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా చిన్న చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే చాలు, ఓటు వేయొచ్చంది. ఆ భాషల్లో తెలుగూ ఒకటి! పగలు చెరకు నరికి, రాత్రిళ్లు దీపం ముందు అక్షరాలు దిద్దినవాళ్లు ఓటర్లయ్యారు. 12 వేల లోపున్న ఓటర్లు 1948 ఎన్నికలనాటికి 70 వేలు దాటారు. మారిషస్‌ ఆంధ్ర మహాసభ పుట్టింది కూడా ఆ రోజుల్లోనే. వయోజనులందరికీ ఓటు రావడానికి మాత్రం 1959 దాకా ఆగాల్సి వచ్చింది.

అందరూ స్వాతంత్య్రం కోరుకున్నారా అంటే... లేదు. 1967 ఆగస్టు ఎన్నికల్లో శివసాగర్‌ రామ్‌గులామ్‌ నాయకత్వంలోని స్వాతంత్య్ర కూటమి గెలిచింది కానీ, నూటికి 44 మంది దాకా వ్యతిరేకంగా ఓటేశారు. బ్రిటన్‌ వెళ్లిపోతే హిందువుల పెత్తనంలో తమ గతేమిటన్నది మిగతా వర్గాల భయం. 1968 జనవరిలో పోర్ట్‌ లూయిస్‌లో అల్లర్లు చెలరేగి ప్రాణాలు పోయాయి. రెండు నెలలకే షాన్‌ ద మార్స్‌ మైదానంలో కొత్త జెండా ఎగిరింది. గాంధీజీ దండియాత్ర మొదలుపెట్టిన తేదీ కాబట్టే మార్చి 12ను ఎంచుకున్నారని చెబుతారు. 1992లో గణతంత్రంగా మారిందీ అదే తేదీన.

అందుకే ఆ పండుగ ఏ ఒక్క వర్గానిదీ కాకుండా చూసుకోవాల్సి వచ్చింది. సెలవుల జాబితా చూస్తే ఆ జాగ్రత్త తెలుస్తుంది. శివరాత్రి, రంజాన్‌, తమిళుల కావడి, చైనీయుల వసంతోత్సవం, బానిసత్వం రద్దయిన రోజు... వాటి సరసనే మన ఉగాది. పిడికెడు మంది పండుగకు దేశమంతటికీ సెలవు!

మిగిలిన లెక్కలు

స్వాతంత్య్రానికి మూడేళ్ల ముందే, 1965లో, బ్రిటన్‌ చాగోస్‌ దీవులను మారిషస్‌ నుంచి విడదీసింది. డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం అక్కడివాళ్లను 1973 నాటికల్లా ఖాళీ చేయించారు. ఆ దీవులపై హక్కు మారిషస్‌కు అప్పగించే ఒప్పందంపై సంతకాలు జరిగింది 2025 మే నెలలో.

తెలుగువాళ్లకూ ఓ లెక్క మిగిలే ఉంది. అక్కడ బడుల్లో తెలుగు నేర్పుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ ఆ గడ్డ మీదే. కానీ చాలా ఇళ్లలో మాటలు సాగేది క్రియోల్‌లో. తెలుగు పూజలోనూ పాటలోనూ నిలిచింది, వంటింట్లో నిలవడం కష్టమైంది.

2024 మార్చి 12 వేడుకలకు ముఖ్య అతిథిగా వెళ్లిన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, ఏడో తరం వారికి కూడా ప్రవాస భారతీయ పౌరసత్వ కార్డుకు వీలు కల్పిస్తున్నట్టు ప్రకటించారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నాటి వలస కూలీల రికార్డులు భద్రంగా ఉన్నాయి. ముత్తాతల పేరు, ఊరు వెతుక్కునేవారికి అవే ఆధారం. దేశం వాళ్లకు సొంతమై అర్ధశతాబ్దం దాటింది. ఇక తెలుసుకోవాల్సింది కోరంగికి నడిచొచ్చిన ఆ ముత్తాతది ఏ ఊరన్నదే.