ఇంటర్వ్యూ గదిలో మన పిల్లలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో మన పిల్లలు ఇప్పుడు బాగానే చదువుతున్నారు. డిగ్రీలు పూర్తి చేస్తున్నారు, కోచింగులకు వెళ్తున్నారు, రాత పరీక్షలు నెగ్గుతున్నారు. తీరా ఇంటర్వ్యూ దగ్గరికి వచ్చేసరికి కొందరు ఆగిపోతున్నారు. ఏమైందని అడిగితే "నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు కదా" అంటారు. ఇంగ్లీషు ఒక కారణం కావచ్చు. అంతకంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. అది మనం ఇంటి దగ్గరే తీర్చుకోగలిగిన లోటు.

ముందు ఏ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంటుందో తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. ఐబీపీఎస్ ద్వారా భర్తీ చేసే బ్యాంకు క్లర్కు ఉద్యోగాలకూ ఇంటర్వ్యూ లేదు. ప్రొబేషనరీ ఆఫీసరు కావాలంటే మాత్రం ఉంటుంది. దానికి 100 మార్కులు. జనరల్ అభ్యర్థులకు కనీసం 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 35 శాతం రావాలి. తుది జాబితాలో మెయిన్స్ పరీక్షకు 80 పాళ్లు, ఇంటర్వ్యూకు 20 పాళ్లు. సివిల్స్‌లో మొత్తం 2025 మార్కులైతే అందులో ఇంటర్వ్యూవి 275. ఇంటర్వ్యూ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. కానీ అంచున ఉన్నవాళ్లను ఇటో అటో చేర్చేది అదే.

ఇక భాష సంగతి. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాసినవారు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ప్రభుత్వ ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి, 2016 సివిల్స్‌లో దేశంలోనే 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. బ్యాంకు ఇంటర్వ్యూలకు ఇంగ్లీషు అవసరమే. అయినా చిన్న చిన్న వాక్యాలు తప్పుల్లేకుండా, నిదానంగా చెప్పగలిగితే పని జరుగుతుంది. బట్టీపట్టిన పెద్ద పెద్ద మాటలు రెండో ప్రశ్నకే చేతులెత్తేస్తాయి.

అసలు లోటు ఏమిటంటే, మన గురించి మనం చెప్పుకోలేకపోవడం. బోర్డు వారు దాదాపు ఎప్పుడూ అడిగే మొదటి ప్రశ్న "మీ గురించి చెప్పండి" అనే. బీకాం చదివిన ఒక అమ్మాయిని అనుకుందాం. వాళ్ల నాన్నకు ఆళ్లగడ్డలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. "నేను బీకాం చదివాను, నాన్న వ్యాపారం చేస్తారు, నా హాబీ పుస్తకాలు చదవడం" అని ఆమె ముగిస్తే, అడిగేవారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అదే అమ్మాయి "నాన్నగారికి టైలరింగ్ షాపు ఉంది. మూడేళ్లుగా షాపు లెక్కలు నేనే రాస్తున్నాను. రంజాన్ నెలలో పని ఎక్కువ, అప్పులూ ఎక్కువ. ఎవరి బాకీ ఎంతో, ఎప్పుడు అడగాలో నా పుస్తకంలో ఉంటుంది" అని చెప్పిందనుకోండి. బ్యాంకు అధికారికి వెంటనే ఆసక్తి పుడుతుంది. "బాకీ ఇవ్వనివాళ్లతో ఎలా మాట్లాడతావమ్మా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు ఏ కోచింగూ నేర్పక్కర్లేదు. నాన్న ఆటో నడిపినా, మెకానిక్ షెడ్డు పెట్టుకున్నా, అమ్మ ఇంట్లో కుట్టుపని చేసినా దాచుకోవాల్సిన పని లేదు. ఆ ఇంట్లో మీరేం చేశారో, ఏం నేర్చుకున్నారో చెప్పండి.

రెండో ప్రశ్న తరచుగా ఊరి మీద ఉంటుంది. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1906 నాటిది. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరున్న ఊరు. 1977లో నీలం సంజీవరెడ్డి నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచి, అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉంటూ ఇక్కడి నుంచే గెలిచారు. కేసీ కాలువ కింద ఏ పంటలు పండుతాయో, రైతుకు అప్పు ఏ నెలలో కావాల్సి వస్తుందో కూడా తెలిసి ఉంటే, బ్యాంకు ఉద్యోగం మీద మీకు నిజంగా ఆసక్తి ఉందని వేరే చెప్పనక్కర్లేదు.

కాగితాల దగ్గర మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. పదో తరగతి మెమోలో "షేక్" అని పూర్తిగా, ఆధార్‌లో "ఎస్.కె." అని, డిగ్రీ సర్టిఫికెట్‌లో "ఎస్." అని ఒక్కటే అక్షరం ఉంటుంది. పేరు కలవకపోతే తలుపు దగ్గరే ఆపవచ్చు. దరఖాస్తు పెట్టకముందే అన్నింటినీ మెమోలోని పేరుకు సరిచేయించుకోండి.

దుస్తులు కొత్తవి కానక్కర్లేదు. ఉతికి ఇస్త్రీ చేసినవైతే చాలు. హిజాబ్ వేసుకునే అమ్మాయిలు దాని గురించి దిగులు పడవద్దు. ప్రభుత్వ ఉద్యోగాల్లో మతాన్ని బట్టి వివక్ష చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతోంది. ముఖం ఎత్తి, అడిగినవారి వైపు చూసి, వినపడేలా మాట్లాడండి. తెలియనిదానికి "తెలియదు సార్" అనడంలో తప్పు లేదు. ఊహించి తప్పు చెబితేనే నష్టం.

మనిషిని చూడగానే ఒక అభిప్రాయం ఏర్పడటం ఎక్కడైనా ఉన్నదే. అమెరికాలో వాద్య బృందాలు కళాకారులను ఎంచుకునే ఆడిషన్లలో 1970, 80 దశకాల నుంచి తెర కట్టడం మొదలుపెట్టాయి. వాయించేది ఆడో మగో చెప్పుల చప్పుడు బట్టి తెలియకుండా కొన్నిచోట్ల తివాచీ కూడా పరిచారు. వాద్యం ఒక్కటే వినాలని వాళ్ల ఉద్దేశం. మన ఇంటర్వ్యూలకు ఆ తెర ఉండదు. కాబట్టి మన పేరు, యాస, వేషం మీద ఉన్న చూపును మొదటి నిమిషంలోనే మన పని మీదికి మళ్లించాలి.

ఇది ఒక్కరోజులో రాదు. పదిమంది ముందు నోరు విప్పి మాట్లాడితేనే వస్తుంది. మన ఊళ్లలో రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు ఉన్నారు. ఆదివారం ఒక గంట ముగ్గురు పెద్దలు బల్ల వెనక కూర్చుని, ఒక్కొక్కరినీ పిలిచి ప్రశ్నలు అడిగితే చాలు. మొదటిసారి తడబడతారు, నాలుగోసారికి తేరుకుంటారు. ఫీజు కట్టడం, పుస్తకాలు కొనివ్వడం మంచి పనులే. ఈ గంట కూడా వాటితో సమానమైన సహాయమే. ఆడపిల్లలను కూడా ఆ బల్ల ముందుకు తప్పకుండా పంపండి.